రంగు పోని గడ్డి

పెంటప్ప గోళ్ళు చూస్తే చాలు, ఆ రోజు కార్ఖానాలో ఏ రంగు కాగిందో మా వీధి మొత్తానికి తెలిసిపోయేది. ఎర్రగా ఉంటే చద్దర్లకు గిరాకీ వచ్చినట్టు. నీలంగా ఉంటే టవళ్ళ ఆర్డరు. నల్లగా ఉంటే ఆ పూట ఆయనతో మాట్లాడకూడదు. నల్లరంగు మరిగించిన రోజు ఆయనకు తలనొప్పి వచ్చేది, ఆ తలనొప్పిని ఇంటికొచ్చి మా అందరికీ పంచేవాడు.

సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర మా ఇల్లూ వాళ్ళ ఇల్లూ ఎదురెదురు. నా పేరు బాలమణి. మిషను మీద లంగాలు కుడతాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అంటారు. ఉంటే ఉండనీయండి, నా ముక్కు, నా కోపం. అయినా పెంటప్పన్న సంగతి చెప్పేవాళ్ళకు కాస్త కోపం ఉండాలి. లేకపోతే ఆయన చేసిన పనులన్నీ నవ్వులో కొట్టుకుపోతాయి.

వాళ్ళ తాత సిద్దిపేట వైపు నుంచి మగ్గం కట్టుకుని సోలాపూర్ వచ్చాడట. తండ్రి పవర్‌లూమ్ మీద చద్దర్లు నేశాడు. ఈయనకు మాత్రం మగ్గం దగ్గర కూర్చుంటే కాళ్ళు జిలపెట్టేవి. మీసాలు రాకముందే రంగు కార్ఖానాలో దూరాడు, మీసాలు నెరిసేదాకా అందులోనే ఉన్నాడు. నెరిసిన మీసాలకు తనే రంగు వేసుకున్నాడు. లోకంలో రంగుతో బాగుపడని వస్తువు లేదని ఆయన నమ్మకం. ఒక హోళీకి మా తెల్లకోడికి గులాబీ రంగు పూశాడు. అది వారం దాకా గుడ్డు పెట్టలేదు, నేను వారం దాకా తిట్టడం ఆపలేదు. ఆయన చెక్కుచెదరలేదు. "కోడి ఎట్ల మెరుస్తున్నదో చూడు బాలమణీ" అన్నాడు.

ఆయన భార్య చంద్రభాగ. నాకు వదినె వరస కాదు గానీ వదినె అనే పిలుస్తాను. బీడీలు చుడుతుంది. పెళ్ళయిన కొత్తలో పెంటప్పన్న ముచ్చటపడి ఆమె చీరకు వంగపండు రంగు వేసి ఇచ్చాడట. మొదటి ఉతుకులోనే ఆ రంగు ఇంట్లో బట్టలన్నిటికీ పాకింది. మామగారి ధోతికి కూడా. ఆ రోజు నుంచీ ఆయన ఏ చీరకు రంగు వేసి తెచ్చినా, వదినె తెల్లగుడ్డ ఒకటి తడిపి దాని మీద గట్టిగా రుద్ది చూస్తుంది. గుడ్డకు రంగు అంటకపోతేనే కట్టుకుంటుంది. నిజానికి అది రంగు కార్ఖానాలో పరీక్ష. ఆయన దగ్గరే నేర్చుకుంది, ఆయన మీదే వాడింది. కాపురమంతా అలాగే గడిచింది. వాళ్ళకు పిల్లలు లేరు. ఒకరికొకరు ఉన్నారు, పైగా ఎదురింట్లో నేనున్నాను కదా.

ఇప్పుడు గడ్డి సంగతికి వస్తాను.

బీడీ కార్మికులకూ మగ్గం పనివాళ్ళకూ ఇళ్ళు వస్తున్నాయన్నప్పుడు మా రెండు కుటుంబాలకూ ఊరి బయట కుంభారి దాటాక ఒక కొత్త కాలనీలో వచ్చాయి. నేను ఎగిరి గంతేశాను. చంద్రభాగ వదినె మాత్రం రానంది. కుంఠా నాకాలో మధ్యాహ్నం భోజనాలు కాగానే ఆడవాళ్ళందరూ వీధిలోకి వచ్చి, ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ కూర్చుంటారు. చేతులు బీడీల మీద, నోళ్ళు ఊరి మీద. ఎవరి కోడలు అలిగింది, ఎవరింట్లో పాలు విరిగాయి, అన్నీ అక్కడే తేలతాయి. వదినె ఆ వరసలో కూర్చోని రోజు నాకు గుర్తులేదు.

"నాలుగు గోడల మధ్యల ఒక్కదాన్నే కూసోని బీడీలు చెయ్యాల్నా? నక్కో, నేను రాను. నాకు పిచ్చి లేస్తది" అంది.

పెంటప్పన్న కాలనీ ప్రారంభం రోజున ఆమెను తీసుకొచ్చి చూపించాడు. మా బిల్డింగు ముందు ఒక జాగా ఉంది. పూజకు టెంటు వేసినవాడే ఆ జాగాలో పచ్చగడ్డి చుట్టలు తెచ్చి, చద్దరు పరిచినట్టు పరిచి పోయాడు. లాన్ అట. వదినె చెప్పులు విడిచి దాని మీద నాలుగడుగులు వేసింది. చల్లగా ఉన్నట్టుంది, ఇంకో నాలుగు వేసింది.

"ఇగో, నీ మండలి మొత్తం ఈడ కూసోవచ్చు. చాటలు పట్టుకొని వస్తే చాలు" అన్నాడు ఆయన.

"ఇది గిట్లనే ఉంటదా?"

"పక్కా. నాది జిమ్మ."

ఆ మాట మీదే ఆమె పెట్టె సర్దింది.

ఎండలు ముదిరాయి. సోలాపూర్ ఎండ సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా నమ్మరు. మనుషులకే కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వస్తుంటే గడ్డికి ఎవరు పోస్తారు? పెంటప్పన్న పోశాడు. తను స్నానం సగం నీళ్ళతో చేసి మిగతా సగం దానికి పోశాడు. నా బట్టలుతికిన నీళ్ళు అడిగి మరీ పట్టుకుపోయాడు. ఎన్ని పోసినా గడ్డి పసుపైంది, తర్వాత గోధుమరంగైంది, నడిస్తే కరకరమంది. ఆడవాళ్ళెవరూ బయటికి రాలేదు. ఎవరి తలుపు వాళ్ళు వేసుకుని, ఎవరి ఫ్యాను కింద వాళ్ళు బీడీలు చుట్టుకున్నారు. చంద్రభాగ వదినె మూసిన తలుపుల వంక చూస్తూ కూర్చునేది. మనిషి చిక్కిపోయింది. చుట్టే బీడీలు కూడా తగ్గాయి.

సొసైటీ చైర్మన్ అనికేత్ అని ఒక కుర్రవాడు. మా బిల్డింగులోనే ఉండే గంగుబాయి కొడుకు. టవళ్ళ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, కొత్త మోటారు సైకిలు కొన్నాడు. మీటింగులో లేచి ఆ జాగాలో సిమెంటు బ్లాకులు పరిచి బండ్లు పెట్టుకుందామన్నాడు.

పెంటప్పన్న కూడా లేచాడు. "గడ్డి బతుకుతది. కొంచెం ఆగు బాబూ."

"కాకా, అది ఎప్పుడో చచ్చింది. దినాలు చేసుడొక్కటే బాకీ ఉన్నది." అందరూ నవ్వారు. అనికేత్ చెడ్డవాడు కాడు, నోరు కాస్త దురుసు. "సరే, గణపతి పండుగ దాంక చూద్దాం. అప్పటికి పచ్చగ ఉంటే ఉండనీ. లేకపోతే బ్లాకులే. ఈ ఆదివారం కమిటీ అంతా వచ్చి ఒకసారి చూస్తది."

ఇంటికి వచ్చాక వదినె చెప్పాల్సింది చెప్పేసింది. ఇక్కడా మావి ఎదురెదురు ఇళ్ళే, తలుపు తీసే ఉంది, నాకూ వినిపించింది. "బ్లాకులు పడినంక నేనీడ ఉండ. కుంఠా నాకాల మా అక్క పోచమ్మ ఇంటికి పోత. నువ్వు బండ్ల నడుమ కూసో."

చింత చచ్చినా పులుపు చావలేదంటారే, కార్ఖానా మానేసినా పెంటప్పన్న చేతికి రంగు యావ చావలేదు. శనివారం మధ్యాహ్నం వడగాలికి భయపడి కాలనీ అంతా తలుపులేసుకుని పడుకుంది. వదినె బీడీ కార్ఖానాలో బీడీలు అప్పజెప్పడానికి పోయింది. ఈయన పాత కార్ఖానా నుంచి తెచ్చుకున్న పచ్చరంగు పొడి తీశాడు. డ్రమ్ములో కలిపాడు. నూలుకు రంగు పట్టాలంటే ఉప్పూ సోడా పడాల్సిందే కదా, అవీ దండిగా వేశాడు. గడ్డి నూలు కాదన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు. చిల్లుల డబ్బాతో ఆ మూల నుంచి ఈ మూల దాకా పోసి, డ్రమ్ము కడిగి బోర్లించి, ఇంట్లోకి పోయి పడుకున్నాడు.

సాయంత్రం తలుపులు తెరిచిన కాలనీ కళ్ళు నులుముకుని చూసింది. నేను నా పుట్టింటి వైపు వరి పొలాలు చూశాను, అంత పచ్చ చూడలేదు. అనికేత్ పరుగున వచ్చి ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు.

"కాకా, ఏం వేసినవ్?"

"నా పానం వేసిన" అన్నాడు పెంటప్పన్న, ఛాతీ ఉబ్బించి.

అప్పుడే చంద్రభాగ వదినె బస్సు దిగి వచ్చింది. కట్టుకున్నది బయటికి పోయేటప్పుడు కట్టే మీగడరంగు చీర. ఆ పచ్చదనం చూసి ఆమె మొహం వెలిగిపోయింది. కుంభారికి వచ్చాక ఆమె అలా నవ్వడం అదే మొదలు. చేతిలో ఖాళీ చాట ఉంది, "గంగుబాయీ, రావే! బాలమణీ, రా!" అని కేకేస్తూ పోయి గడ్డి నడిమధ్యలో కూర్చుంది. గంగుబాయి వచ్చి కూర్చుంది. ఇంకో ఇద్దరు కూర్చున్నారు. నేను పోయి నిలబడ్డాను. నా అదృష్టం, కుట్టుపని ఉందని కూర్చోలేదు.

మొదట మోతీ బయటపెట్టింది. మోతీ మా కాలనీ కుక్క, తెల్లటిది. గడ్డిలో రెండు పొర్లు పొర్లి లేచి నిలబడింది. పచ్చకుక్క! పిల్లలు కేకలు పెట్టుకుంటూ దాని వెనక పడ్డారు. "ఇదేందే!" అంటూ గంగుబాయి లేచింది. వెనక నుంచి చూసినవాళ్ళం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాం. చెమటకు రంగు దిగి చీర సగం పచ్చ. తర్వాత వదినె లేచింది. మీగడరంగు చీర కదా, ఆమెది ఇంకా బాగా కనిపించింది. కాలనీ అంతా కడుపులు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వలేదంటే అబద్ధమవుతుంది. పైన పటారం, లోన లొటారం.

చంద్రభాగ వదినె నవ్వలేదు. చీర వెనక వైపు ముందుకు లాక్కుని చూసుకుంది. అరచెయ్యి చూసుకుంది. తర్వాత మొగుణ్ణి చూసింది.

"ఇన్నేండ్ల సంది నువ్వు ఏ రంగు తెచ్చినా రుద్ది చూసిన. ఇయ్యాల రుద్దకుండ నమ్మిన" అంది. "ఒక్కసారి నమ్మిన."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆ వారంలోనే తొలకరి జల్లు పడింది. పచ్చనీళ్ళు రోడ్డు మీద పారాయి. తర్వాత ఎండ కాసింది, జాగా అంతా తెల్లగా ఉప్పు పేరుకుంది. అప్పటిదాకా కొన ఊపిరితో ఉన్న నాలుగు పోచలు కూడా మాడిపోయాయి. వదినె బ్లాకుల దాకా ఆగలేదు. పెట్టె సర్దుకుని కుంఠా నాకా బస్సెక్కింది.

పెంటప్పన్న వంట మొదలుపెట్టాడు. అన్నం మాడ్చాడు, పప్పు మాడ్చాడు, ఒకరోజు చాయ్ కూడా మాడ్చాడు. చాయ్ మాడ్చగలిగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. చివరికి మా ఇంట్లో తినమన్నాను. పళ్ళెం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే నాకు ఒళ్ళు మండింది.

"గడ్డికి రంగేసే తెలివి ఉన్నది, పెండ్లాన్ని తెచ్చుకునే తెలివి లేదా అన్నా? పో, పోయి బతిమిలాడు."

"ఒక్కణ్ణే పోతే తలుపు తియ్యది బాలమణీ. నువ్వు గూడ రా."

వెళ్ళాం. ఆయన కొంతం చౌక్‌లో దిగి మల్లెపూల గజరా కొన్నాడు. తలుపు తీయాల్సిన అవసరమే రాలేదు. వదినె వీధిలోనే ఉంది, పాత వరసలో, పోచమ్మక్క పక్కన, ఒళ్ళో చాటతో. బుగ్గల్లోకి కండ వచ్చింది. ఆమెను అలా చూసి నాకు సంతోషమూ అయింది, ఏడుపూ వచ్చింది. ఇక్కడ ఇంత బాగున్న మనిషిని అక్కడికి రమ్మని ఏ మొహంతో అడుగుతాం?

ఆయన గజరా చాపాడు. ఆమె అందుకోలేదు. చేతిలో కత్తెరతో వీధి కుళాయి వైపు చూపించింది.

"అగో, ఆ గరిక చూడు. దానికి ఎవడు నీళ్ళు పోసిండు? ఎవడు రంగేసిండు? పొద్దుందాంక దాని మీద బిందెలు పెడుతం, తొక్కుతం, ఊడుస్తం. చచ్చిందా? ఏటా గణపతికి అండ్లకెల్లే కోస్త. మల్ల మొలుస్తది. నీ చద్దరు గడ్డి నాకొద్దు. గసుంటిది పెంచినంక పిలువు. గప్పుడు వస్త. వచ్చి రుద్ది చూస్త."

పోచమ్మక్క కిసుక్కుమంది. పెంటప్పన్న అలాగే నిలబడి గరిక వంక చూశాడు. గజరా తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. పక్కింట్లో కలుపు తీసే ఖుర్పీ అడిగి తెచ్చుకుని కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, వేళ్ళతో సహా గరిక గడ్డలు పెకలించి సంచిలో వేసుకున్నాడు. తిరుగు బస్సులో కండక్టరు ఆ సంచిలోకి తొంగిచూసి మరాఠీలో, మేకలు పెంచుతున్నారా అని అడిగాడు. "లేదు, సంసారం పెంచుతున్న" అన్నాడు ఈయన తెలుగులోనే. కండక్టరుకు అర్థం కాకపోయినా తలూపాడు.

మర్నాటి నుంచి ఆ మనిషి పట్టిన పట్టు చూస్తే నాకే ముచ్చటేసింది. మొదట మాడిన గడ్డి చుట్టలు ఎత్తి తీశాడు. కింద చూస్తే మట్టే లేదు, గట్టి మొరం. దాని మీద పరిచిన గడ్డికి నీళ్ళు పోస్తే ఎక్కడికి దిగుతాయి! ఉప్పు పేరుకున్న పై పొరను పలుగుతో చెక్కి ఒక మూల పోశాడు. పక్క పొలం రైతు నీటిగుంట తవ్విస్తున్నాడు, ఆ నల్లమట్టి తీసుకుపొమ్మన్నాడు. పెంటప్పన్న తోపుడు బండి అరువు తెచ్చుకుని తోలాడు. అనికేత్ బాల్కనీలోంచి చూసి, "కాకా, పండుగ దాంకనే టైము" అని కేకేశాడు. "తెలుసు బాబూ" అన్నాడు ఈయన. తల కూడా ఎత్తలేదు.

అంతా చేశాక కూడా అడుగున ఉప్పు మిగిలే ఉంది. దానికి ఆయన కార్ఖానా పద్ధతే పట్టాడు. రంగు వేసిన నూలును నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడిస్తారు. మట్టిని కూడా అలాగే జాడించాలన్నాడు. నీళ్ళేవి? వానలు. డాబా మీది వాననీళ్ళు గొట్టంలో నుంచి తిన్నగా రోడ్డు మీదకు పోయేవి. గొట్టం మూతికి పాత పైపు తగిలించి నీళ్ళు జాగాలోకి మళ్ళించాడు, రెండో వైపు చిన్న కాలువ తీశాడు. వాన పడ్డ ప్రతి పొద్దునా చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకునేవాడు. కాసేపు కళ్ళు మూసుకుని తుపుక్కున ఉమ్మేవాడు.

"ఇంక ఉప్పగనే ఉన్నది."

"అన్నా, మన్ను తినుడు చిన్నపిల్లలు చేసే పని" అన్నాను.

"నాలుక అబద్ధమాడది బాలమణీ. చేతులే ఆడినయ్."

ఒక పొద్దున ఉమ్మకుండా మింగేశాడు. "చప్పగున్నది!" అని అరిచాడు. ఉప్పు లేని కూరకు గిన్నె విసిరికొట్టే మనిషి, మట్టి చప్పగా ఉందని ఎగిరాడు.

గరిక నాటడం నేను దగ్గరుండి చూశాను. అటొక మేకు, ఇటొక మేకు దిగ్గొట్టి, మధ్యలో నూలు దారం లాగి కట్టాడు. ఆ దారం వెంట వేళ్ళు గుచ్చాడు. దారం జరిపాడు, మళ్ళీ గుచ్చాడు. వాళ్ళ తాత వీధిలో పడుగు సాగదీసినట్టే ఉంది. మగ్గం దగ్గర కుదురుగా కూర్చోలేని మనిషి ఎండలో వంగి వంగి ఆ జాగా మొత్తాన్ని వరసలు వేశాడు.

మట్టి మీద ఏదైనా కప్పితే తడి ఆరదని నాకు తోచింది. మా కాలనీలో ప్రతి ఇంట్లోనూ రోజూ మిగిలేది ఒకటుంది, తునికాకు కత్తిరింపులు. బీడీకి ఆకు కోశాక మిగిలే అంచులు చెత్తలోకే పోతాయి. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. తంబాకు పొడి కలిస్తే వానపాములు చస్తాయి, జల్లించి ఆకు ముక్కలే తేవాలని గట్టిగా చెప్పాను. నా గొంతు తెలుసు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేదు. సాయంత్రం కాగానే ఆడవాళ్ళు చాటలతో రావడం మొదలైంది. ముక్కలు వరసల మధ్య పోసి, గట్టున నిలబడి కాసేపు మాట్లాడుకునేవాళ్ళు. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు బకెట్లలో తెచ్చేవాళ్ళు. మొదట గడ్డి గురించే మాటలు. తర్వాత కోడళ్ళ మీదికీ, విరిగిన పాల మీదికీ పోయాయి. మొలకలు వచ్చాక లోపల అడుగు పెట్టబోతే మాత్రం పెంటప్పన్న ఊరుకునేవాడు కాదు. తను కూడా గట్టు మీదే నడిచేవాడు.

మధ్యలో వానలు మొహం చాటేశాయి. మొలిచిన గరిక కొసలు ఎండాయి. అనికేత్ బ్లాకుల కోసం ఒక మనిషిని తెచ్చి జాగా కొలిపించాడు. ఆ మధ్యాహ్నం పెంటప్పన్న మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఒక పొట్లం.

"ఇది దాచు బాలమణీ. పచ్చరంగు, కొంచెం మిగిలింది. నా దగ్గర ఉంటే చెయ్యి ఊకుండది."

నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. పొట్లం తీసుకుని గుండీల డబ్బాలో పెట్టి మూత బిగించాను. ఆ గరిక ఎండి చావాలా, మొలవాలా అన్నది ఇక దాని ఇష్టం. ఆయన మళ్ళీ వచ్చి అడగలేదు. వానలు మళ్ళీ మొదలయ్యాయి. ఆకు ముక్కల కింద దాక్కున్న వేళ్ళు లేచి వరస దాటి వరసలోకి పాకాయి.

గణపతి పండుగ ముందు రోజు. జాగా అంతా పట్టు తివాచీలా ఉందని చెప్పను. అక్కడక్కడా మట్టి కనిపిస్తోంది, ఒక మూల తుంగ మొలిచింది. కమిటీ వచ్చి నిలబడింది. అనికేత్ పెదవి విరిచాడు.

"ఇది లాన్ కాదు కాకా, గరిక. రోడ్డు పక్కన మొలిచేది."

పెంటప్పన్న కళ్ళు బస్సు స్టాపు మీద ఉన్నాయి. ముందు రోజు కబురు పంపాడు. 'గరిక మొలిచింది' అని ఒక్కటే మాట. రమ్మని కూడా అనలేదు.

చంద్రభాగ వదినె బస్సు దిగింది. ఒక చంకలో చాట, రెండో చేతిలో పెట్టె లేదు. పెట్టె లేదంటే ఉండడానికి రాలేదేమో అనుకున్నాను. గట్టు దాకా వచ్చి నడుములోంచి తెల్లగుడ్డ తీసింది. గరికకు పోద్దామని నేను తెచ్చిన బకెట్లో ముంచి పిండింది. వంగి, గరికను దోసిట పట్టి గట్టిగా రుద్దింది. పెంటప్పన్న గట్టు మీద నుంచే మెడ చాచి చూశాడు.

గుడ్డ విప్పి చూసింది. మన్ను అంటింది. గుడ్డ తిప్పి ఇంకోచోట రుద్దింది, ఈసారి మోకాలి మీద కూర్చుని ఇంకా గట్టిగా. మళ్ళీ మన్నే.

"మా కుళాయి గరికనే" అంది.

చెప్పులు విడిచి లోపలికి నడిచింది. నడిమధ్యలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఒళ్ళో చాట పెట్టుకుంది. "పెట్టె ఎల్లుండి అక్క తెస్తది" అంది నా వంక చూసి. "నిలవడ్డవేందే, తంబాకు దే."

గంగుబాయి కొడుకును పక్కకు నెట్టి, పోయి ఆమె పక్కన చతికిలబడింది. "అమ్మా, మీటింగు ఉన్నది" అన్నాడు అనికేత్. "మీటింగు గీడనే అయితున్నది. దమ్ముంటే నన్ను లేపి నీ బ్లాకులు పరుచు" అంది ఆమె. చాటలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. తలుపులు తీసినవి తీసినట్టే ఉన్నాయి. అనికేత్ తల గోక్కుని తన మోటారు సైకిలు తీసుకుపోయి గోడవార పెట్టుకున్నాడు.

పెంటప్పన్న మాత్రం ఇంకా గట్టు మీదే ఉన్నాడు.

"నీకు వేరే చెప్పాల్నా? రా, కూసో" అంది వదినె.

"తొక్కితే..."

"తొక్కితేనే మొలుస్తది గది. రా."

ఆయన చెప్పులు విడిచాడు. అన్నాళ్ళలో తను నాటిన గడ్డి మీద తను వేసిన మొదటి అడుగు అదే. పోయి ఆమె పక్కన కూర్చున్నాడు. మట్టి పట్టిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఏం మాట్లాడదామనుకున్నాడో, దాని బదులు బొటబొటా ఏడ్చాడు. వదినె గబుక్కున చేతిలో ఉన్న తడిగుడ్డ ఇచ్చింది. ఆయన మొహం తుడుచుకున్నాడు. గుడ్డకున్న మన్నంతా మొహానికి అంటింది, రంగు మీసాలు కూడా మట్టి రంగుకు వచ్చాయి. అటుగా వచ్చిన మోతీ ఆయన్ను చూసి మొరిగింది. దానికి చెవుల వెనక ఇంకా కాస్త పచ్చ మిగిలే ఉంది.

కాలనీ అంతా పగలబడి నవ్వింది. ఈసారి అందరికంటే ముందు నవ్వింది చంద్రభాగ వదినె.